వాపు దిగేదాకా ఆగాలని నేర్పిన సర్జన్
ప్లాస్టిక్ సర్జరీ పితామహుడు సర్ హెరాల్డ్ గిలీస్ జీవితం

రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగం చేసే కుర్రాడు శుక్రవారం జుట్టు నాటించుకుని, సోమవారం ఆఫీసుకు వెళ్లిపోదామనుకుంటాడు. రెండు రోజులూ బాగానే ఉంటుంది. సోమవారం పొద్దున లేచేసరికి నుదురు ఉబ్బి, కనురెప్పలు బరువెక్కి, అద్దంలో తన మొహం తనకే కొత్తగా కనిపిస్తుంది. నెత్తి మీద ఎక్కించిన మందు నీరు మూడో రోజుకో నాలుగో రోజుకో కిందికి జారి నుదుటి మీద, కళ్ల చుట్టూ చేరుతుంది. చాలామందికి వచ్చేదే ఇది. మరికొన్ని రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. ఆ సంగతి ముందుగా తెలియనివారు మాత్రం హడలిపోతారు. ఎవరో చెప్పారని వేడి కాపడం పెడతారు, పసుపు పట్టిస్తారు, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర మింగేస్తారు. తగ్గాల్సిన వాపును తామే పెంచుకుంటారు.

ముక్కు సరిచేయించుకున్నా, కనురెప్పల సర్జరీ అయినా, పొట్ట దగ్గర కొవ్వు తీయించుకున్నా ఇదే వరస. ఆపరేషన్ గంటల్లో అయిపోతుంది. వాపు, కమిలిన మచ్చలు తగ్గడానికి మాత్రం రోజులు, వారాలు పడుతుంది. ఈ ఎదురుచూపు కూడా చికిత్సలో భాగమేనని వందేళ్ల కిందట తన అనుభవంతో తెలుసుకుని, శిష్యులకు సూత్రంగా నేర్పిన వైద్యుడు సర్ హెరాల్డ్ గిలీస్. ఆ పాఠం ఆయనకు తేలిగ్గా దొరకలేదు. ఒక యువకుడి ప్రాణం పోయాక గానీ పూర్తిగా వంటబట్టలేదు.

న్యూజిలాండ్ నుంచి లండన్‌కు

గిలీస్ 1882 జూన్ 17న న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి రాబర్ట్ అక్కడి పార్లమెంటు సభ్యుడిగా పనిచేశాడు. హెరాల్డ్ చిన్నతనంలోనే ఆయన చనిపోయాడు. ఇంట్లో మెట్ల పక్క చేతిపట్టా మీద జారుతూ కింద పడి పిల్లవాడి మోచేయి దెబ్బతింది. అది జీవితాంతం బిగుసుకునే ఉండిపోయింది. అయినా కేంబ్రిడ్జ్‌లో చదివేటప్పుడు 1904లో ఆక్స్‌ఫర్డ్‌తో జరిగిన పడవ పందెంలో తెడ్డు వేశాడు. గోల్ఫ్‌లోనూ మంచి పేరు తెచ్చుకున్నాడు. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో శిక్షణ పూర్తిచేసి, 1910లో ఎఫ్‌ఆర్‌సీఎస్ సంపాదించాడు. చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా స్థిరపడ్డాడు. యుద్ధం రాకపోతే బహుశా అలాగే కొనసాగేవాడు.

1915లో రెడ్‌క్రాస్ తరఫున ఫ్రాన్స్ వెళ్లాడు. అక్కడ చార్లెస్ వలాడియే అనే దంతవైద్యుడు తూటాలకు పగిలిపోయిన దవడలను సరిచేస్తుండటం చూశాడు. పారిస్‌లో ఇప్పొలిట్ మోరెస్టాన్ అనే సర్జన్ మొహం మీద చర్మాన్ని జరిపి గాయాన్ని పూడ్చే తీరునూ గమనించాడు. తిరిగొచ్చాక సైన్యం పెద్దలను ఒప్పించి, 1916లో ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలో మొహం గాయాలకు ప్రత్యేక వార్డు తెరిపించాడు. గాయపడినవారిని నేరుగా తన దగ్గరికే పంపాలని సొంత డబ్బు పది పౌండ్లు పెట్టి చిరునామా చీటీలు కొని యుద్ధరంగానికి పంపాడు. ఆ ఏడాది జులైలో సోమ్ యుద్ధం మొదలయ్యాక రెండు వందల మంది వస్తారనుకున్న చోటికి రెండు వేల మంది వచ్చారు.

తొందరగా కుట్టిన గాయాలు

వచ్చినవారిలో చాలామందికి యుద్ధరంగం దగ్గరే గాయాలు కుట్టేసి ఉండేవి. ప్రాణం కాపాడే తొందరలో అక్కడి వైద్యులు గాయం అంచులను దగ్గరికి లాగి కుట్లు వేసేవారు. ఎంత కండ పోయిందో చూసే తీరిక వారికి లేదు. వాపు దిగి, మచ్చ గట్టిపడి ముడుచుకునేకొద్దీ నోరు పక్కకు పోయేది, కనురెప్ప కిందికి లాగేసేది. గిలీస్ ఆ కుట్లు విప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. మిగిలి ఉన్న కండను ముందు దాని అసలు చోటికి చేర్చాలి, గాయం మాననివ్వాలి, ఏం పోయిందో అప్పుడు లెక్క చూసుకోవాలి అన్నది ఆయన మొదటి నియమమైంది.

దీని వెనకున్న శరీరధర్మం నేటికీ అదే. చర్మాన్ని కోసినా, సూదులతో గుచ్చినా సన్నటి రక్తనాళాలు తెగుతాయి. వాటిలోంచి కారిన రక్తం చర్మం కింద పేరుకుంటే కమిలిన మచ్చ అవుతుంది. గాయాన్ని మాన్పడానికి శరీరం ఆ చోటికి రక్తప్రసరణ పెంచుతుంది. నాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది. అదే వాపు. సాధారణంగా రెండు మూడు రోజులు పెరిగి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. పేరుకున్న రక్తంలోని హిమోగ్లోబిన్‌ను శరీరం విరగ్గొట్టేకొద్దీ మచ్చ ఎర్రగా మొదలై నీలం, ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగులకు తిరుగుతుంది. పచ్చబడిందంటే చెడిందని కాదు, మానుతోందని అర్థం. కమిలిన మచ్చ మామూలుగా రెండు వారాల్లో పోతుంది. ముక్కు సర్జరీలో పెద్ద వాపు కొన్ని వారాల్లోనే తగ్గినా, ముక్కు కొన దగ్గరి సన్నటి వాపు పూర్తిగా పోవడానికి ఏడాది దాకా పట్టొచ్చు. అందుకే రెండో వారంలో అద్దం చూసి ఫలితం తేల్చకూడదు.

అద్దాలు లేని ఆసుపత్రి

ఆల్డర్‌షాట్ వార్డు చాలకపోవడంతో 1917లో లండన్ దగ్గర సిడ్‌కప్‌లో క్వీన్స్ ఆసుపత్రి తెరిచారు. మొహం గాయాల కోసమే కట్టిన ఆసుపత్రి అది. గిలీస్, ఆయన బృందం ఐదు వేల మందికి పైగా సైనికులకు 11 వేలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఒక్కొక్కరికి అనేక దఫాలు, నెలల తరబడి చికిత్స నడిచేది. వార్డుల్లో అద్దాలు ఉంచనిచ్చేవారు కాదు. సగంలో ఉన్న పనిని చూసి రోగి కుంగిపోకూడదని. బయట దారిలో కొన్ని బెంచీలకు నీలిరంగు వేశారు. వాటి మీద కూర్చునే మనిషి మొహం చూసి ఉలిక్కిపడకూడదని ఊరివారికి అది గుర్తు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా మొహాలను హెన్రీ టాంక్స్ అనే సర్జన్-చిత్రకారుడు బొమ్మలుగా గీసేవాడు. మార్పును రోజు రోజుకీ కాకుండా దశలవారీగా పోల్చి చూడటానికి అవి పనికొచ్చాయి.

ముక్కు పోయినవారికి గిలీస్ వాడిన పద్ధతుల్లో నుదుటి చర్మాన్ని కిందికి తిప్పే పద్ధతి ఒకటి. ప్రపంచమంతా దాన్ని భారతీయ పద్ధతి అనే పిలుస్తుంది. 1792 యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్జీ ముక్కును టిప్పు సైనికులు కోసేస్తే, పుణె ప్రాంతంలో సంప్రదాయ వైద్యుడొకరు నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు. ఆ వార్త 1794లో లండన్ పత్రికలో వచ్చింది. దాన్ని చదివిన జోసెఫ్ కార్ప్యూ 1814లో అక్కడ ఆ ఆపరేషన్ చేశాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సుశ్రుత సంహిత చెంప చర్మంతో ముక్కు కట్టే తీరును వివరించింది. ఆ తర్వాత చల్లాల్సిన పొడులు, ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా పెట్టాల్సిన గొట్టాల గురించీ చెప్పింది. గాయం వాపుకు చేయాల్సిన చికిత్సలను వరసగా చెబుతూ, చర్మానికి మళ్లీ సహజమైన రంగు తేవడాన్ని చివరి మెట్టుగా లెక్కించింది. అంటే కోయడంతో పని అయిపోదన్న ఎరుక మన నేలకు కొత్త కాదు.

లమ్లీ మరణం నేర్పిన పాఠం

హెన్రీ లమ్లీ యువ పైలట్. 1916లో శిక్షణ పూర్తవుతున్న రోజునే విమానం కూలి మొహమంతా కాలిపోయింది. సిడ్‌కప్‌కు చేరేసరికి ఏడాదికి పైనే గడిచింది. శరీరం, మనసు రెండూ నీరసించి ఉన్నాయి. గిలీస్ అతని ఛాతీ మీది చర్మాన్ని పెద్ద ముక్కగా లేపి, మొత్తం మొహానికి ఒకేసారి అమర్చాలని 1918లో సాహసం చేశాడు. అంత పెద్ద ముక్కకు రక్తం అందలేదు. చర్మం కుళ్లిపోయింది. మార్చి నెలలో లమ్లీ చనిపోయాడు.

ఈ దెబ్బను గిలీస్ దాచిపెట్టలేదు. 1920లో వచ్చిన తన పుస్తకంలో కేసును పూర్తిగా రాశాడు. ఆ తర్వాత అలాంటి కాలిన గాయాలను ఒక్కసారిగా కాకుండా ముక్కలు ముక్కలుగా, ఒక దశ మాని రోగి తేరుకున్నాకే రెండో దశకు వెళ్లేలా మార్చుకున్నాడు. గౌరవంగా వాయిదా వేయగలిగిన పనిని ఈ రోజు చేయవద్దన్నది ఆయన శిష్యులకు కంఠతా వచ్చిన సూత్రం. సోమరితనం కోసం కాదు, రక్తప్రసరణ కుదురుకోవడానికి, వాపు దిగడానికి గడువు ఇవ్వడం కోసం.

లమ్లీకి కొద్ది నెలల ముందే, 1917 అక్టోబరులో, విల్లీ వికరేజ్ అనే నావికుడికి ఆపరేషన్ చేస్తూ గిలీస్ ఒక సంగతి గమనించాడు. ఛాతీ నుంచి లేపిన చర్మపు పట్టీ అంచులు వాటంతటవే లోపలికి చుట్టుకుంటున్నాయి. వాటిని కుట్టేసి గొట్టంలా చేశాడు. లోపలి భాగం గాలికి తెరుచుకోకపోవడంతో చీము పట్టే ముప్పు తగ్గింది, రక్తప్రసరణా నిలిచింది. రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సాలో వ్లాదిమిర్ ఫిలతోవ్ కూడా అంతకు ముందు ఏడాది విడిగా ఇదే చేశాడు. గొట్టం కొత్తచోట నాటుకుని, అక్కడి రక్తంతో బతికేదాకా వారాల తరబడి ఆగాలి. ముందే కోస్తే మొత్తం పోతుంది. ఆ పద్ధతికి ఓర్పే ప్రాణం.

అందం కోసం చేసే సర్జరీ

యుద్ధం ముగిశాక గిలీస్ లండన్‌లో ప్రైవేటు ప్రాక్టీసు పెట్టాడు. ముక్కు చక్కదిద్దడం, ముడతలు తీయడం వంటి పనులను తోటి వైద్యులు చిన్నచూపు చూసే రోజులవి. ఉన్నదాన్ని మామూలు స్థితికి తేవడం పునర్నిర్మాణమైతే, మామూలును దాటాలని చూడటం సౌందర్య చికిత్స అని ఆయన తేడా చెప్పాడు. రెండో దానిలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. అక్కడ రోగి ఆరోగ్యంగానే లోపలికి వస్తాడు, చెడితే చేజేతులా చెడినట్టే. 1930లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

అదే ఏడాది వరసకు తమ్ముడయ్యే ఆర్చిబాల్డ్ మెకిండో లండన్‌లో ఉద్యోగం దొరక్క తిరుగుతుంటే గిలీస్ చేరదీసి తన దగ్గర పని నేర్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గిలీస్ బేసింగ్‌స్టోక్ దగ్గర రూక్స్‌డౌన్ హౌస్‌లోనూ, మెకిండో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లోనూ పనిచేశారు. కాలిన గాయాలకు టానిక్ యాసిడ్ పూయడం అప్పట్లో మామూలు. అది గట్టి పెంకు కట్టి వేళ్లను బిగించేసేది. సముద్రంలో పడిన పైలట్ల కాలిన గాయాలు మిగతావారి కంటే మెరుగ్గా మానడం మెకిండో గమనించి, గోరువెచ్చని ఉప్పునీటి స్నానాలు మొదలుపెట్టాడు. ఆ చికిత్స పొందిన వైమానికులు 1941లో గినీ పిగ్ క్లబ్ పెట్టుకున్నారు.

ఈ కథ విని, ఉప్పునీరు మంచిదే కదా అని కుట్లతో రుషికొండ బీచ్‌లో దిగేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మెకిండో వాడింది ఆసుపత్రి తొట్టిలో, కొలత ప్రకారం ఉప్పు కలిపి, శుభ్రత పాటించి ఇచ్చిన స్నానం. అలల్లో ఇసుక ఉంటుంది, సూక్ష్మక్రిములు ఉంటాయి, పైన ఎండ ఉంటుంది. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి, మానుతున్న చోట ఎండ తగిలితే మచ్చ నల్లబడి నెలల పాటు ఉండిపోతుంది. కుట్లు తీసి గాయం పూర్తిగా మూసుకున్నాక, డాక్టరు సరేనన్నాకే సముద్రమైనా, స్విమ్మింగ్ పూలైనా.

చివరి ఆపరేషన్

గిలీస్ 1946లో బ్రిటన్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. 1957లో అమెరికా శిష్యుడు రాల్ఫ్ మిల్లార్డ్‌తో కలిసి తన సూత్రాలన్నీ రెండు సంపుటాలుగా తెచ్చాడు. మన దేశంలో కుష్ఠు రోగుల మొహాలు, చేతులు సరిచేయడానికి శ్రమించిన డాక్టర్ నోషిర్ అంటియా కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 1960 ఆగస్టు 3న, 78 ఏళ్ల వయసులో, 18 ఏళ్ల అమ్మాయి కాలికి ఆపరేషన్ చేస్తుండగా గిలీస్ మెదడులో రక్తం గడ్డకట్టింది. సెప్టెంబర్ 10న కన్నుమూశాడు. మెకిండో అదే ఏడాది ఏప్రిల్‌లో పోయాడు. గొట్టపు చర్మం పద్ధతి ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. సూక్ష్మ రక్తనాళాలను కలిపే సర్జరీ దాని చోటు తీసుకుంది. ఆగి చూడాలన్న సూత్రం మాత్రం ఏ ఆపరేషన్ థియేటర్‌లోనూ పాతబడలేదు.

వాపు, కమిలిన మచ్చలు త్వరగా తగ్గాలంటే...

* ఆపరేషన్‌కు ముందే: మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేపనూనె, విటమిన్-ఇ, వెల్లుల్లి మాత్రలు రక్తస్రావాన్ని పెంచవచ్చు. అయితే గుండెకు స్టెంట్ ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు రక్తం పలచబరిచే మందును సొంతంగా ఆపకూడదు. గుండె డాక్టరు, సర్జన్ ఇద్దరూ కలిసి తేల్చాలి.

* పొగ మానాలి: నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. లేపిన చర్మానికి రక్తం అందక అది నల్లబడి పోవచ్చు. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు, మానేదాకా ఆ తర్వాతా సిగరెట్, బీడీ, చుట్ట అన్నీ వదలాలి. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు తాగే అడ్డపొగ కూడా ఈ లెక్కలోదే. సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

* తల ఎత్తుగా: మొహం మీద, తల మీద చికిత్స అయితే మొదటి వారం రెండు మూడు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. గుండె కంటే తల ఎత్తులో ఉంటే నీరు కిందికి దిగుతుంది. వంగి బరువులెత్తడం, ముక్కు గట్టిగా చీదడం వద్దు.

* చల్లటి కాపడం: మొదటి 48 గంటలు, మెత్తటి గుడ్డలో చుట్టిన ఐస్‌ప్యాక్‌ను పది, పదిహేను నిమిషాలు ఉంచి తీసేయాలి. మధ్యలో విరామం ఇవ్వాలి. ఐసును నేరుగా చర్మానికి తగిలించకూడదు. చర్మం అతికించిన చోట, జుట్టు నాటిన చోట, స్పర్శ తెలియని చోట డాక్టరు చెబితే తప్ప పెట్టకూడదు. మొదటి రోజుల్లో వేడి కాపడం రక్తస్రావాన్ని పెంచుతుంది.

* ఉప్పు తగ్గించాలి: ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. నీళ్లు తగినంత తాగాలి. పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు వంటి మాంసకృత్తులు గాయం మానడానికి కావాలి. మద్యం వద్దు.

* నడక, బిగుతు దుస్తులు: మొదటి రోజు నుంచే ఇంట్లో మెల్లగా నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. కొవ్వు తీసిన చోట ఇచ్చే బిగుతు దుస్తును చెప్పినన్ని వారాలు వేసుకోవాలి. సొంతంగా మర్దన చేయొద్దు.

* పై పూతలు: ఆర్నికా, అనాసలోని బ్రొమెలైన్ మాత్రల మీద పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు. పసుపు, ఆకు పసర్లు తెరిచి ఉన్న గాయం మీద వద్దు. డాక్టరును అడిగాకే ఏదైనా.

ఇక్కడ మాత్రం ఆగకూడదు

మామూలు వాపు రెండు వైపులా దాదాపు సమానంగా, మెల్లగా పెరిగి మెల్లగా దిగుతుంది. ఒక్క వైపే ఉన్నట్టుండి గట్టిగా ఉబ్బి, నొప్పి ఎక్కువైతే లోపల రక్తం గడ్డకడుతూ ఉండొచ్చు. చర్మం ముదురు నీలంగానో, తెల్లగా చల్లగానో మారినా అంతే. కనురెప్పల సర్జరీ తర్వాత కంట్లో తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం ఉంటే నిమిషాల మీద ఆసుపత్రికి చేరాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు. జ్వరం, చీము, దుర్వాసన ఇన్ఫెక్షన్‌కు గుర్తులు. పిక్కలో నొప్పి వాపు, ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఊపిరితిత్తులకు రక్తపు గడ్డ చేరిందేమోనని అనుమానించి 108కి ఫోన్ చేయాలి. చికిత్సకు వెళ్లేముందే రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో సర్జన్ దగ్గర నంబరు రాయించుకుని, ఇంట్లోవారికీ ఇచ్చి ఉంచండి.